వెయ్యి వాట్ల స్టిక్కర్ సరే, రెండు రూపాయల డయోడ్ ఏది?

హోమ్ థియేటర్ రివ్యూ ఏది చూసినా వరస ఒకటే ఉంటుంది. డబ్బా విప్పుతారు. బ్లూటూత్ ఎంత దూరం పట్టిందో చెప్తారు. బాస్ అదిరిందా లేదా, ముందు లైట్లు ఎన్ని రంగులు మారుతున్నయి, రిమోట్ ఎట్లుంది, అన్నీ అయిపోతయి. స్టార్లు ఇచ్చేసి లింక్ పెడతారు. వెనక నాలుగు స్క్రూలు తీసి లోపలి పవర్ సప్లై బోర్డు చూపించే రివ్యూలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. లోకల్‌గా అసెంబుల్ చేసిన యాంప్ అయినా, ఆన్‌లైన్‌లో కొన్న బోర్డ్ కిట్ అయినా, దాని పవర్ సప్లైలో ప్రొటెక్షన్ డయోడ్లు లేకపోతే మార్కులు కోయాల్సిందే. సౌండ్ ఎంత బాగున్నా సరే. 1ఎన్4007 డయోడ్ విడిగా కొన్నా రూపాయో రెండు రూపాయలో. నాలుగు పెడితే చాయ్ ఖర్చు. ఆ చాయ్ ఖర్చు మిగిలించుకున్న బోర్డును "వాల్యూ ఫర్ మనీ" అనడం నాకు నచ్చదు.

"బంద్ చేసి మళ్ల పెట్టు" రోగం

కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్... ఏ ఊర్లో రిపేర్ షాపుకు పోయినా ఈ మాట వినపడుతది: "అన్నా, కరెంట్ పోయి వచ్చినంక సౌండ్ వస్తలేదు. లైట్ అయితే వెలుగుతుంది." మెకానిక్ జవాబు కూడా అందరికీ తెలిసిందే: "ఓసారి బంద్ చేసి, జర ఆగి మళ్ల పెట్టు." విచిత్రంగా చాలాసార్లు పనిచేస్తుంది కూడా. అందుకే ఎవరూ దాన్ని రోగంగా చూడరు. యాంప్‌కు మూడ్ బాగలేదనుకుంటారు, గంతే.

నాలుగోసారో ఐదోసారో బంద్ చేసి పెట్టినా రాదు. అప్పుడు షాపులో 4558 ఐసీ మారుస్తారు. ఒక్కోసారి మొత్తం ప్రీయాంప్ బోర్డే మారుస్తారు. కొన్ని నెలలు బాగుంటుంది, మళ్లీ అదే కథ. పైసలు పోయినయి, అసలు కారణం మాత్రం బోర్డు మీద అట్లనే కూర్చుంది.

ఈ లక్షణానికి కారణాలు చాలానే ఉండొచ్చు. లూజ్ సోల్డర్ కావచ్చు, ఎండిపోయిన కెపాసిటర్ కావచ్చు, రిలే కాంటాక్టు కావచ్చు. కానీ ప్లస్, మైనస్ రెండు సప్లైలతో నడిచే ప్రీయాంప్‌లో ముందుగా అనుమానించాల్సిన వాటిలో ఒకటి రెగ్యులేటర్ లాచప్. దాన్ని ఆపడం కూడా అన్నిటికంటే చవక.

లోపల ఏం జరుగుతుంది?

మన దగ్గర దొరికే బాస్-ట్రెబుల్ బోర్డుల్లో, 5.1 ప్రీయాంప్ బోర్డుల్లో ఎక్కువగా కనిపించేది 4558 ఆప్-యాంప్. దానికి ప్లస్ 12 వోల్టులు, మైనస్ 12 వోల్టులు ఇస్తారు. ప్లస్ కోసం 7812, మైనస్ కోసం 7912 రెగ్యులేటర్. రెండింటికీ మధ్యలో గ్రౌండ్.

ఇక్కడ గమనించాల్సింది ఒకటి ఉంది. ఆప్-యాంప్‌కు అసలు గ్రౌండ్ పిన్నే లేదు. అది తినే కరెంట్ ప్లస్ రైల్ నుంచి నేరుగా మైనస్ రైల్‌కు పోతుంది. అంటే రెండు రైళ్లను ఒక తాడుతో కట్టేసినట్టు.

ఇప్పుడు కరెంట్ వచ్చింది అనుకుందాం. రెండు రైళ్లు ఒకే క్షణంలో లేవవు. ఒకవైపు ఫిల్టర్ కెపాసిటర్ పాతదై ఉంటుంది, ఒకవైపు లోడ్ ఎక్కువ ఉంటుంది, రెండు రెగ్యులేటర్ల లోపలి సర్క్యూట్ కూడా వేరు. మైనస్ రైల్ ముందు లేచిందనుకోండి. అది ఆప్-యాంపులనే తాడుతో ప్లస్ రైల్‌ను కిందికి గుంజుతుంది. సున్నా దగ్గర ఉండాల్సిన 7812 అవుట్‌పుట్ సున్నా కంటే కిందికి, అంటే మైనస్‌లోకి జారుతుంది.

7812 ఈ పరిస్థితి కోసం తయారైంది కాదు. అవుట్‌పుట్ పిన్ గ్రౌండ్ కంటే కిందికి పోయినప్పుడు, చిప్ లోపల మామూలుగా నిద్రపోయే జంక్షన్లు లేస్తయి, స్టార్ట్ కావాల్సిన సర్క్యూట్‌ను పట్టేసి కూర్చుంటయి. ఇన్‌పుట్‌లో 16 వోల్టులున్నా అవుట్‌పుట్ లేవదు. తాళం పడ్డట్టే. ఇంకోవైపు రైల్ ముందు లేస్తే 7912కు కూడా ఇదే తిప్పలు రావొచ్చు. పవర్ తీసేసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగితే తాళం ఊడుతుంది. "జర ఆగి మళ్ల పెట్టు" పనిచేసేది అందుకే.

ఈలోపు జరిగే నష్టం వేరే. ఆ రైల్ మీదున్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కు వోల్టేజ్ ఉల్టా పడుతుంది. దానికి అది పడదు. ఒకే రైల్ మీద వేలాడుతున్న ఆప్-యాంపుల అవుట్‌పుట్ ఓ మూలకు పోయి నిలబడుతుంది. సౌండ్ రాకపోవడం, గరగరమనడం, ఆన్ చేయగానే స్పీకర్‌లో ధబ్‌మని కొట్టడం ఇవన్నీ దాని గుర్తులే.

నాలుగు డయోడ్లు, నాలుగు చోట్లు

మందు చాలా సింపుల్. రైల్ సున్నా దాటి ఉల్టా వైపు పోకుండా ఒక గేటు పెట్టడమే.

మొదటి డయోడ్ 7812 అవుట్‌పుట్ దగ్గర. తెల్ల గీత ఉన్న కాలు అవుట్‌పుట్‌కు, గీత లేని కాలు గ్రౌండ్‌కు.

రెండోది 7912 అవుట్‌పుట్ దగ్గర. ఇది తిరగేసి: గీత ఉన్న కాలు గ్రౌండ్‌కు, గీత లేని కాలు అవుట్‌పుట్‌కు.

అంతా సరిగా నడిచేటప్పుడు ఈ రెండూ ఊరికే ఉంటయి, సౌండ్ మీద ఏ ప్రభావమూ ఉండదు. రైల్ ఉల్టా పోవడం మొదలైతే మాత్రం దాదాపు 0.7 వోల్టు దగ్గర పట్టుకుంటయి. ఇంకా తక్కువ దగ్గర పట్టాలంటే 1ఎన్5819 లాంటి షాట్కీ డయోడ్ వాడొచ్చు. ఇది 1 యాంప్, 40 వోల్టుల డయోడ్, ఈ పనికి సరిపోతుంది. చేతిలో ఉంది కదా అని 1ఎన్4148 మాత్రం పెట్టొద్దు. అది చిన్న సిగ్నల్ డయోడ్, ఇక్కడి బరువు మోయలేదు.

మూడు, నాలుగు డయోడ్లు రెగ్యులేటర్‌కు అడ్డంగా, ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య. యాంప్ బంద్ చేసినప్పుడు ఇన్‌పుట్ వైపు వోల్టేజ్ ముందే పడిపోయి, అవుట్‌పుట్ వైపు పెద్ద కెపాసిటర్ ఇంకా నిండుగా ఉంటే, కరెంట్ రెగ్యులేటర్ గుండా వెనక్కి పారుతుంది. దానికి పక్కదారి ఇస్తే రెగ్యులేటర్ బతుకుతుంది. 7812కు గీత ఇన్‌పుట్ వైపు ఉండాలి. 7912కు గీత అవుట్‌పుట్ వైపు ఉండాలి. ఎల్ఎం317 డేటాషీట్‌లో కూడా అవుట్‌పుట్ కెపాసిటర్ పెద్దదైతే ఇట్లాంటి డయోడ్ పెట్టమని బొమ్మేసి మరీ చూపించారు.

సోల్డరింగ్ ఐరన్ పట్టేవాళ్లకు ఇంకో రెండు జాగ్రత్తలు. 7812, 7912 చూడ్డానికి కవలలే, కానీ కాళ్ల వరస వేరు. 7812లో ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. 7912లో గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. పైగా 7912 వెనక ఉన్న మెటల్ ట్యాబ్ గ్రౌండ్ కాదు, అది ఇన్‌పుట్‌కు కలిసి ఉంటుంది. రెండింటినీ ఒకే హీట్‌సింక్‌కు మైకా షీట్ లేకుండా బిగిస్తే నేరుగా షార్ట్. డయోడ్ ఉల్టా పెట్టినా అదే గతి.

పేరు ఒకటే, రోగాలు మూడు

"లాచప్" అని వెతికితే మూడు వేర్వేరు విషయాలు కనిపిస్తయి. వీటిని కలిపేసి మాట్లాడటం వల్లే సగం వాదనలు పుడుతున్నయి.

ఒకటి, మనం ఇప్పటిదాకా చెప్పుకున్న రెగ్యులేటర్ లాచప్.

రెండు, పాత ఆప్-యాంపుల ఇన్‌పుట్ లాచప్. బాబ్ విడ్లార్ 1965లో ఫెయిర్‌చైల్డ్ కోసం చేసిన 709 చిప్‌లో, ఇన్‌పుట్ వోల్టేజ్ హద్దు దాటితే అవుట్‌పుట్ ఒక మూలకు పోయి ఇరుక్కునేది. 1968లో డేవ్ ఫుల్లగర్ డిజైన్ చేసిన 741 వచ్చాక, దాని ఫీచర్ల లిస్టులోనే "లాచప్ లేదు" అని గర్వంగా రాసుకున్నారు. మన 4558 ఆ 741 వంశమే, ఒకే డబ్బాలో రెండు. దాని డేటాషీట్‌లో కూడా అదే మాట ఉంటుంది. "4558కి లాచప్ రాదని కంపెనీయే చెప్పింది, డయోడ్లు ఎందుకు?" అనేవాళ్లు ఈ తేడా గమనించాలి. డేటాషీట్ చెప్పింది ఆప్-యాంప్ ఇన్‌పుట్ గురించి. దానికి తిండి పెట్టే రెగ్యులేటర్ గురించి కాదు.

మూడోది సీమాస్ చిప్పుల లాచప్. మీ ఫోన్ ప్రాసెసర్‌తో సహా చాలా సీమాస్ చిప్పుల్లో, తయారీ పద్ధతి వల్లే, ఎవరూ కోరకుండానే ఒక ఎస్సీఆర్ లాంటి నాలుగు పొరల నిర్మాణం ఏర్పడుతుంది. ఏదైనా పిన్ సప్లై కంటే పైకో, గ్రౌండ్ కంటే కిందికో పోతే అది ట్రిగ్గర్ అయి, సప్లైని, గ్రౌండ్‌ను షార్ట్ చేసినంత పని చేస్తుంది. పవర్ తీసేదాకా వదలదు, ఈలోపు చిప్ కాలిపోవచ్చు కూడా. అందుకే చిప్ కంపెనీలు జెడెక్ వాళ్ల జేఈఎస్‌డీ78 ప్రకారం, పిన్నుల్లోకి బయటి నుంచి కరెంట్ తోసి మరీ టెస్ట్ చేస్తయి.

ఈ మూడోది మన యాంప్‌లో కూడా ఉంది. ఇన్‌పుట్ సెలెక్టర్‌లో 4052, 4053, 4066 లాంటి స్విచ్ ఐసీలు వాడితే అవి సీమాసే. యాంప్ బంద్‌లో ఉంది, టీవీ మాత్రం ఆన్‌లో ఉండి ఆక్స్ వైర్ గుండా సిగ్నల్ పంపుతోంది అనుకోండి. తిండి లేని చిప్ నోట్లో సిగ్నల్ కుక్కినట్టే. ఆ పిన్ ముందు వరసగా ఒక వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ పెడితే లోపలికి పోయే కరెంట్ అదుపులో ఉంటుంది. అది కూడా పైసల ఖర్చే.

"ఇదంతా అవసరమా?" అనేవాళ్లకు

"మా ఇంట్ల పదేళ్ల నుంచి నడుస్తుంది, డయోడ్ లేదు, ఏం కాలేదు." నిజమే కావచ్చు. అన్ని కంపెనీల 7812లు ఒకేలా ప్రవర్తించవు, అన్ని బోర్డుల లోడ్ ఒకేలా ఉండదు. హెల్మెట్ లేకుండా పదేళ్లు బండి నడిపినవాళ్లు కూడా ఉన్నరు.

"ఫ్యూజ్ ఉంది కదా." ఫ్యూజ్ ఎక్కువ కరెంట్ పారితే పోతుంది. రెగ్యులేటర్ మొండికేసి ఊరుకున్నప్పుడు ఎక్కువ కరెంట్ పారాల్సిన పనే లేదు. ఫ్యూజ్ అట్లనే ఉంటుంది, సౌండ్ మాత్రం ఉండదు.

"స్టెబిలైజర్ పెట్టుకుంటే చాలు." స్టెబిలైజర్ వోల్టేజ్ తగ్గుపెరుగులను చూసుకుంటుంది. ఆన్ అయ్యే క్షణంలో లోపలి రెండు రైళ్లలో ఏది ముందు లేవాలో అది చెప్పలేదు.

అట్లాగని డయోడ్లు సర్వరోగ నివారిణి అని నేను చెప్పడం లేదు. 4440 ఐసీ బోర్డు లాంటివి ఒకే సప్లై మీద నడుస్తయి, అక్కడ ఈ ప్లస్-మైనస్ గొడవే లేదు. టీడీఏ2030 లాంటి ఐసీని ప్లస్-మైనస్ మీద పెట్టి స్పీకర్‌ను నేరుగా కలిపినప్పుడు ఒక రైల్ మొత్తం పోతే, స్పీకర్‌కు డీసీ పడి కాయిల్ కాలుతుంది. దాన్ని ఈ డయోడ్లు ఆపలేవు. దానికి యూపీసీ1237 లాంటి ఐసీతో రిలే ఉన్న స్పీకర్ ప్రొటెక్షన్ బోర్డు వేరే కావాలి. అదే టీడీఏ2030 డేటాషీట్‌లో అవుట్‌పుట్ నుంచి రెండు రైళ్లకు రెండు 1ఎన్4001 డయోడ్లు చూపించి ఉంటయి. స్పీకర్ కాయిల్ వెనక్కి తన్నే వోల్టేజ్ కోసం అవి. చవక బోర్డుల్లో వాటిని కూడా ఎగ్గొట్టే వాళ్లున్నరు.

మన జిల్లాల లెక్క వేరే

"ఇప్పుడు కరెంట్ కష్టాలు ఎక్కడున్నయి?" అని అడగొచ్చు. రామగుండంలో ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల స్టేషన్, జైపూర్‌లో సింగరేణి వాళ్ల 1,200 మెగావాట్ల ప్లాంట్. మన బొగ్గు, మన గోదావరి నీళ్లు. గంటల తరబడి కోతల రోజులు పోయినయి, ఒప్పుకుంటా. కానీ లాచప్‌కు గంటల కోత అక్కర్లేదు. గాలివానకు కొమ్మ తాకి లైన్ ట్రిప్పై, వెంటనే వస్తే చాలు. అసలు అట్లాంటి చిన్న కోతే ఎక్కువ డేంజర్. రెండు కెపాసిటర్లు సగం సగం ఖాళీ అయి, చెరో మెట్టు మీద ఉన్నప్పుడు పవర్ తిరిగి వస్తుంది.

ఇంక సీజన్ చూడండి. వినాయక మండపం, బతుకమ్మ తొమ్మిది రోజులు, పెళ్లి బరాత్, పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. యాంప్‌లు ఎక్కువగా నడిచేది అప్పుడే, పొడుగు వైర్లు గుంజిన టెంపరరీ లైన్ మీద, లేదంటే జనరేటర్ మీద. వోల్టేజ్ 230 ఉండాల్సింది 180కి పడిందనుకుందాం. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో వైపు 9.4 వోల్టులే ఇస్తుంది. రెక్టిఫై అయ్యాక పీక్ 12.6 దగ్గర ఆగుతుంది. 7812 సరిగా పనిచేయాలంటే ఇన్‌పుట్ కనీసం 14 వోల్టులు కావాలి. అంటే రెగ్యులేటర్ చేతులెత్తేసే చోట నిలబడి ఉంటుంది, హమ్మింగ్ మొదలవుతుంది. అక్కడ ఎవరో లైట్ల స్విచ్ వేస్తే రైళ్లు ఊగుతయి. అదే 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్ అయితే 180 వోల్టుల దగ్గర కూడా దాదాపు 15.9 పీక్ వస్తుంది. లోడ్ మీద కొంత తగ్గినా ఊపిరి ఆడుతుంది. సిటీలో ఏసీ రూములో ఒకసారి ఆన్ చేసి చూసిన రివ్యూకు ఇవేవీ కనిపించవు.

ఇక స్టిక్కర్ల సంగతి. 12-0-12, 3 యాంపుల ట్రాన్స్‌ఫార్మర్ అంటే 24 గుణించు 3, మొత్తం 72 వీఏ. దాని మీద "1000 వాట్స్ పీఎంపీఓ" అని రాస్తారు. పీఎంపీఓకు ఒక ప్రమాణమంటూ లేదు, ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకోవచ్చు. ఆ అంకె ప్రింట్ చేయించడానికి పెట్టిన పైసలు డయోడ్‌కు పెట్టలేరా?

ఈ విషయంలో నాకు రిపేర్ షాపుల అన్నల మీద కోపం లేదు. వాళ్లకు డేటాషీట్ తెలుగులో ఎవరూ ఇయ్యలేదు. కస్టమర్ గంటలో కావాలంటాడు, వంద రూపాయలు ఎక్కువంటాడు. కోపం బోర్డు డిజైన్ చేసి వేల సంఖ్యలో దింపేవాళ్ల మీద. పీసీబీ మీద డయోడ్‌కు చోటు పెట్టి, గుర్తు ప్రింట్ చేసి, డయోడ్ మాత్రం పెట్టకుండా వదిలేసే బోర్డులు కూడా మార్కెట్లో ఉంటయి. ఆ ఖాళీ రంధ్రాలు చూస్తే తెలిసిపోతుంది, డిజైన్ చేసినవాడికి అవసరం తెలుసు, లెక్క రాసినవాడు కోసేశాడు.

ఇక నుంచి ఏం అడగాలి?

కొనేముందు షాపులో మూడు ప్రశ్నలు అడగండి. రెగ్యులేటర్ల అవుట్‌పుట్‌కు డయోడ్లు ఉన్నాయా? ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని వోల్టులు, ఎన్ని యాంపులు? స్పీకర్ ప్రొటెక్షన్ రిలే ఉందా? అసెంబుల్ చేయించుకునేవాళ్లయితే, "నాలుగు 4007లు ఎక్కువ పెట్టు అన్నా, పైసలు ఇస్తా" అనండి. ఎవరూ కాదనరు.

ఇంట్లో ఉన్న యాంప్ ఈ రోగం చూపిస్తుంటే, ఐసీ మార్పించే ముందు మల్టీమీటర్‌తో రైళ్లు చూపించండి. గ్రౌండ్ నుంచి ఒకవైపు ప్లస్ 12, ఇంకోవైపు మైనస్ 12 రావాలి. ఇన్‌పుట్‌లో వోల్టేజ్ ఉండి కూడా ఒక రైల్ సున్నా దగ్గరో, ఉల్టా గుర్తుతోనో కనిపిస్తే, బంద్ చేసి పెట్టగానే సరైతే, దొంగ దొరికినట్టే. ఒక్క మాట: మూత తీస్తే లోపల 230 వోల్టులు ఉంటయి, ప్లగ్ పీకినా పెద్ద కెపాసిటర్లలో చార్జ్ మిగులుతుంది. అలవాటు లేకపోతే చేయి పెట్టొద్దు. వారంటీ ఉన్న బ్రాండ్ సెట్ అయితే అసలు విప్పొద్దు, సర్వీస్ సెంటర్‌కే తీసుకపోండి.

బాసర ట్రిపుల్ఐటీలోనో, కొండగట్టు దగ్గరి జేఎన్‌టీయూలోనో ఈసీఈ చదివేవాళ్లు ఇది చదువుతుంటే మీకో పని. ఒక 7812, ఒక 7912, రెండు 4558లు తీసుకుని బోర్డు కట్టండి. ఒక రైల్‌ను కావాలని ఆలస్యంగా లేపండి. డయోడ్లు లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి, ఆసిల్లోస్కోప్ మీద రెండు రైళ్లు కలిపి వీడియో తీయండి. తెలుగులో రెండు నిమిషాలు మాట్లాడి, మీ ఊరి రిపేర్ షాపు అన్న వాట్సాప్‌కు పంపండి.

రివ్యూలు రాసేవాళ్లకు నా డిమాండ్ రెండు లైన్లు. యాంప్ రివ్యూలో పవర్ సప్లై బోర్డు ఫోటో తప్పనిసరిగా ఉండాలి. పది సార్లు వెంటవెంటనే ఆన్-ఆఫ్ చేసి, పదిసార్లూ రెండు రైళ్లు లేచాయో లేదో రాయాలి. లేవకపోతే, లైట్లు ఎన్ని రంగులు మారినా సరే, నాలుగు స్టార్లు ఇయ్యొద్దు.